రబ్బరు ముద్ర చెక్కేవాళ్లు చెవిన పెట్టకూడని పదకొండు సలహాలు

మస్కట్ నుంచి సోహార్ వైపు తీరం వెంబడి వెళ్తే, వందకు పైగా కిలోమీటర్ల తర్వాత అల్ సువైక్ వస్తుంది. ఉత్తర బాతినా గవర్నరేట్‌లో అదొక విలాయత్. ఒకవైపు సముద్రం, మరోవైపు ఖర్జూరపు తోటలు. ఒమన్‌కు పనికోసం వచ్చే తెలుగువాళ్లలో కడప వైపు నుంచి, గోదావరి జిల్లాల నుంచి, జగిత్యాల, నిజామాబాద్ ప్రాంతాల నుంచి వచ్చినవాళ్లు చాలామంది. వాళ్లకు దొరికే ఖాళీ కొంచెమే. శుక్రవారం సెలవు. వేసవిలో జూన్ నుంచి ఆగస్టు దాకా ఎండలో పని ఆపాలని చట్టం చెప్పిన మధ్యాహ్నం 12.30 నుంచి 3.30 వరకు సమయం. ఆ ఖాళీలో గదిలో ఓ మూల కూర్చుని చేసుకోగలిగిన చేతిపని రబ్బరు ముద్ర చెక్కడం. చప్పుడు ఉండదు, పక్కవాళ్ల నిద్ర చెడదు, మూరెడు చోటు చాలు. కూతురి పేరో, సంక్రాంతి ముగ్గో, మామిడి పిందో చెక్కి ఇంటికి రాసే ఉత్తరం మీద, పిల్లల పుస్తకాల మీద, ఊరికి పంపే పార్సెల్ మీద వేసుకోవచ్చు.

ఈ పని మొదలుపెట్టాలనుకున్నవాళ్లకు పనిముట్ల కన్నా ముందే సలహాలు వచ్చి పడతాయి. ఇచ్చేవాళ్లు మంచి మనసుతోనే ఇస్తారు. అయినా వాటిలో చాలా తప్పులు. వాటిని నమ్మితే కష్టపడి సంపాదించిన రియాళ్లు పోతాయి, వేళ్లు తెగుతాయి, చివరికి ‘ఇది నా వల్ల కాదు’ అని పని వదిలేస్తారు. తప్పంతా చేతిలోని ఉలిదైనా, తమ చెయ్యే పనికిరాదనుకుంటారు. అందుకే ఈ సలహాలను ఒక్కొక్కటిగా తీసి, ఎందుకు వినకూడదో, వాటి బదులు ఏం చేయాలో చెబుతున్నాను.

ఉలి కొనేముందు మిమ్మల్ని మీరు మూడు ప్రశ్నలు అడగండి. దేన్ని చెక్కబోతున్నాను? ఎలాంటి గీత కావాలి? దీని పదును నేను నిలబెట్టగలనా? కింది సలహాల్లో చాలావరకు వీటిలో ఏదో ఒకదాన్ని పట్టించుకోనివే.

1. ‘సెట్టు కొనేయ్ అన్నా, అన్నీ ఒకేసారి వచ్చేస్తాయి’

పన్నెండు ఉలుల సెట్టు, ఇరవై ఉలుల సెట్టు అట్టపెట్టెలో చూడటానికి బాగుంటాయి. చవక సెట్లలో సమస్య ఉక్కుతో మొదలవుతుంది. మెత్తటి ఉక్కుకు పదును పెట్టినా నిలవదు. పైగా వాటిలో సగం ఆకారాలు చెక్క కోసం చేసినవి. చదును ఉలి, ఏటవాలు ఉలి రబ్బరు మీద మీకు దాదాపు అక్కరకు రావు.

రబ్బరుకు కావాల్సిన ఆకారాలు మూడు. మొన ఇంగ్లిషు వి అక్షరంలా ఉండే సన్నని ఉలి గీతలకు. యు అక్షరంలా గుండ్రంగా ఉండే ఉలి అక్కర్లేని చోటు తవ్వి తీసేయడానికి. కోణంగా ఉన్న చిన్న కత్తి మూలలకు, అంచులకు. లైనోలియం చెక్కే లైనో కట్టర్లలో బాగా తెలిసిన స్పీడ్‌బాల్ కంపెనీ బ్లేళ్లకు నంబర్లుంటాయి: 1 నంబరు సన్నని వి, 2 నంబరు వెడల్పు వి, 3 నంబరు చిన్న యు, 5 నంబరు పెద్ద యు, 6 నంబరు కత్తి. ఒకే పిడికి ఈ బ్లేళ్లన్నీ మార్చి మార్చి బిగించుకోవచ్చు. మొదలుపెట్టేవాళ్లు వాటిలో 1, 5, 6 తీసుకుంటే చాలు. మిగతావి ఏ గీత దగ్గర చెయ్యి ఆగిపోతోందో తెలిశాక కొనండి.

డబ్బు కాస్త ఎక్కువ పెట్టగలిగితే, ఇరవై నాసిరకం ఉలుల ధరతో ఒక మంచి వి ఉలి కొనండి. స్విట్జర్లాండ్‌లో తయారయ్యే ఫైల్, జపాన్‌లో తయారయ్యే పవర్ గ్రిప్ లాంటివి విడివిడిగా దొరుకుతాయి. అలాంటి ఒక్క ఉలి, సరిగ్గా చూసుకుంటే, ఏళ్ల తరబడి పనిచేస్తుంది.

2. ‘వడ్రంగి ఉలి ఉందిగా, దాంతోనే లాగించెయ్’

చెక్కడం అనగానే మనవాళ్లకు వడ్రంగి ఉలి గుర్తుకు రావడం సహజం. కృష్ణా జిల్లా పెడనలో కలంకారీ అచ్చులు చెక్కే పనివాళ్లు టేకు చెక్క మీద ఉలి పెట్టి, చిన్న సుత్తితో తట్టి, వెంట్రుకంత సన్నని తీగలను కూడా నిలబెడతారు. మచిలీపట్నం కలంకారీ ఆ అచ్చుల మీదే బతుకుతోంది. ఆ నైపుణ్యం గొప్పది, కానీ ఆ పనిముట్టు రబ్బరుకు పనికిరాదు.

చెక్క గట్టిది, దానికి నారలుంటాయి. సుత్తి దెబ్బకు ఉలి నారను తెంచి దిగుతుంది. రబ్బరు దెబ్బను మింగేస్తుంది. ఉలి దిగే చోట లోపలికి నొక్కుకుపోతుంది, ఉలి తీయగానే మళ్లీ పైకి లేస్తుంది. గీత చిరిగినట్టు వస్తుంది. అందుకే రబ్బరు మీద ఉలిని సుత్తితో కొట్టకూడదు, చేత్తో తోయాలి. ఉలి గోడ పల్చగా ఉండాలి, పిడి అరచేతిలో ఒదిగేంత పొట్టిగా ఉండాలి. పుట్టగొడుగు ఆకారంలో ఉండే గుండ్రటి పిడి అరచేతి మధ్యలో కూర్చుంటుంది. తోపు మణికట్టు నుంచి వస్తుంది, వేళ్లు దారి చూపడానికి ఖాళీగా ఉంటాయి. పగలంతా పారో, బకెట్టో పట్టుకున్న చేతికి ఆ పిడి చాలా సుఖం. కొనేముందు పిడిని అరచేతిలో పెట్టి చూడండి. చూపుడువేలు బ్లేడు మొదట్లోకి సులువుగా చేరకపోతే ఆ పిడి మీ చేతికి తగింది కాదు.

3. ‘ఏ రబ్బరైనా రబ్బరే’

ఈ సలహా వల్ల చెడిపోయే ఉలులు అన్నిటికన్నా ఎక్కువ. ఉలి ఎంపిక రబ్బరు ఎంపికతోనే మొదలవుతుంది.

స్టాంపులు తయారుచేసే దుకాణాల్లో ఉండే ఎర్రటి రబ్బరు షీటు గంధకంతో వేడిచేసి గట్టిపరిచిన రబ్బరు. చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో కనిపెట్టి 1844లో పేటెంటు తీసుకున్న పద్ధతి అది. ఆ రబ్బరు అసలు గుణం సాగడం. ఉలి ముందుకు పోతుంటే అది తెగకుండా సాగి, తర్వాత వెనక్కి లాక్కుంటుంది. దాన్ని లేజర్‌తో కాల్చడానికి వాడతారు, చేత్తో చెక్కడానికి కాదు.

చేతికి బాగా లొంగేది పెన్సిలు గీతలు చెరిపే తెల్ల ప్లాస్టిక్ రబ్బరు. చాలావరకు ఇవి మెత్తబరిచిన పీవీసీ. బ్లేడు ముందు శుభ్రంగా తెగి, చిన్న చుట్టలా లేస్తాయి. మన పిల్లల పెన్సిలు పెట్టెల్లో ఉండే దుమ్ము రాలని తెల్ల రబ్బర్లతో సాధన మొదలుపెట్టవచ్చు. సిరా చెరిపే రబ్బర్లు మాత్రం వద్దు. వాటిలో గరుకు పొడి కలుపుతారు, రెండు గీతలకే ఉలి మొద్దుబారుతుంది. పెద్ద ముద్రలకు చెక్కడం కోసమే చేసిన గులాబీ రంగు, తెల్ల రంగు మెత్తటి పలకలు దొరుకుతాయి.

లైనోలియం మరో దారి. 1860లలో ఇంగ్లండ్‌లో ఫ్రెడరిక్ వాల్టన్ దాన్ని నేల మీద పరచడానికి తయారుచేశాడు. అవిసె నూనెను గట్టిపరిచి, బెరడు పొడి కలిపి, జనపనార గుడ్డ మీద అతికిస్తారు. అది రబ్బరు కన్నా గట్టిది. ఏసీ గదిలో ఇంకా గట్టిపడుతుంది. దానికి మంచి ఉక్కు ఉలి తప్పనిసరి. మెత్తటి రబ్బరు మీదైతే మామూలు ఉలి కూడా, పదునుగా ఉంటే, సరిపోతుంది. అందుకే ముందు రబ్బరు కొనండి, తర్వాత ఉలి.

4. ‘పదును తక్కువైతే చెయ్యి తెగదు’

పిల్లలకు నేర్పేటప్పుడు కూడా ఈ మాట చెబుతారు. ఇది అన్నిటికన్నా ప్రమాదకరమైన సలహా. మొద్దు కత్తితో పండిన టమాటా కోసినప్పుడు ఏమవుతుందో ఇంట్లో అందరికీ తెలుసు: ఎక్కువ నొక్కుతాం, అది జారుతుంది. మొద్దు ఉలితోనూ అంతే. నొక్కిన బలమంతా ఒక్కసారిగా విడుదలై ఉలి ఎదురుగా ఉన్న చేతిలోకి దూసుకుపోతుంది.

పదునైన ఉలికి వేలి బలం చాలు. జారినా వెంట పెద్ద బలం ఉండదు. అసలు గాయాన్ని ఆపేది చేతుల అమరిక. రబ్బరును పట్టుకున్న చెయ్యి ఎప్పుడూ ఉలి వెనక ఉండాలి, ఉలి ఎదుట ఒక్క వేలు కూడా ఉండకూడదు. ఒక చెక్క పలకకు పైన ఒక అంచున, కింద ఎదుటి అంచున ఒక్కో పట్టీ బిగించండి. కింది పట్టీ బల్ల అంచును ఆనుకుంటుంది, పై పట్టీకి రబ్బరు ఆనుకుంటుంది. అప్పుడు రబ్బరును పట్టుకునే అవసరమే తగ్గిపోతుంది.

పిల్లలకు నేర్పాలంటే మొద్దు ఉలి ఇవ్వకండి. ఉలి అసలే వద్దు. సువైక్ దగ్గర ముళద్దాలో ఇండియన్ స్కూలుంది. పిల్లలు బడి నుంచి వచ్చాక కూర్చోబెట్టి అడ్డంగా కోసిన బెండకాయతో, బంగాళదుంపతో ముద్రలు వేయించండి. రంగు ఎక్కడ అంటుతుంది, ఎక్కడ అంటదు అన్నది అక్కడే అర్థమవుతుంది. ఉలి పట్టే వయసు వచ్చాక పదునైనదే ఇచ్చి, పక్కన కూర్చోండి.

5. ‘బ్లేడు ముక్క ఉంటే ఉలులెందుకు?’

ఇందులో సగం నిజం ఉంది, ఆ సగమే చెడగొడుతుంది. కత్తి ఒక్కదానితో గొప్ప పని చేయవచ్చు. జపాన్‌లో పెన్సిలు రబ్బరు మీద ముద్రలు చెక్కడం పెద్ద అభిరుచి. అక్కడ నాన్సీ సెకి (1962–2002) టీవీ గురించి వ్యాసాలు రాస్తూ, వాటికి తోడుగా ప్రముఖుల ముఖాలను రబ్బర్ల మీద చెక్కి అచ్చు వేసేవారు. అక్కడ ఈ పని చేసేవాళ్లలో చాలామంది పెన్నులా పట్టుకునే సన్నని కత్తే వాడతారు.

కానీ వాళ్లు వాడేది పిడి ఉన్న కత్తి. గడ్డం గీసుకునే బ్లేడును విరిచి వేళ్లతో పట్టుకుంటే అది వంగుతుంది, వేలికి రెండో అంచు తగులుతుంది. విరిచి వాడే బ్లేడు కావాలంటే దానికోసమే చేసిన కట్టర్ ఉంది. మొన మొద్దుబారగానే గీత దగ్గర ముక్క విరిచేసి కొత్త మొనతో పనిచేసే ఆ కట్టర్ 1956లో ఒసాకాలో పుట్టింది, దాన్ని అమ్మే కంపెనీయే ఓల్ఫా. అందులో సన్నని రకం, బ్లేడు మొన కోణం 30 డిగ్రీలు ఉన్నది, ఈ పనికి బాగుంటుంది.

కత్తితో చెక్కేటప్పుడు ఒక్క నియమం పాటించాలి. కత్తి మొన నిలవాల్సిన గీతకు బయటివైపు పోయేలా వాల్చి కోయాలి. గీత పైన సన్నగా, కింద వెడల్పుగా నిలబడాలి. మొన గీత కిందికి పోతే గీత అడుగు సన్నబడుతుంది. నాలుగు ముద్రలు వేసేసరికి అది వంగి, విరిగిపోతుంది. వి ఉలికి ఈ బెడద తక్కువ. దాని ఆకారమే రెండు వైపులా వాలు ఇస్తుంది. కొత్తవాళ్లకు నేను వి ఉలినే ముందు చెప్పడానికి కారణం అదే.

6. ‘లోతుగా తవ్వితేనే ముద్ర శుభ్రంగా పడుతుంది’

లోతుగా తవ్వాలని పెద్ద యు ఉలి కొని, రబ్బరులో సగం దాకా దించేస్తారు. దాంతో రబ్బరు బలహీనపడి, నొక్కినప్పుడు ముద్ర వంకరగా పడుతుంది.

ఎంత లోతు కావాలన్నది ఖాళీ వెడల్పును బట్టి ఉంటుంది. రెండు గీతల మధ్య సన్నని సందుకు ఒక మిల్లీమీటరు లోతు చాలు. స్టాంపు ప్యాడ్ అంత సందులోకి దిగలేదు. వెడల్పైన ఖాళీలో ప్యాడ్ మెత్తగా లోపలికి దిగి రంగు అంటిస్తుంది కాబట్టి, అక్కడ రెండు మూడు మిల్లీమీటర్లు తీయాలి. అంచుల దగ్గర మిగిలే గట్లు కూడా రంగు పట్టి కాగితం మీద మరకలవుతాయి, వాటిని కత్తితో కోసేయండి.

దీన్నిబట్టి ఉలి వెడల్పు తేలుతుంది. అగ్గిపెట్టెంత ముద్రకు 5 మిల్లీమీటర్ల యు ఉలికి మించి అక్కర్లేదు. ఉలిని నిటారుగా పట్టకండి. రబ్బరుకు దగ్గరగా వాల్చి, పల్చటి చుట్టలుగా తీయండి. ఒకేసారి లోతుకు పోవాలని చూడకండి, రెండు మూడు సార్లుగా దిగండి.

7. ‘తెలుగు అక్షరాలకు బాగా సన్నని ఉలే కావాలి’

మన లిపిలో వంపులెక్కువ, ఒత్తులున్నాయి, తలకట్లున్నాయి. కాబట్టి అర మిల్లీమీటరు ఉలి కావాలని అనుకుంటారు. ఆ ఉలులు ఖరీదు, మొన తేలిగ్గా విరుగుతుంది. నిజానికి తెలుగు అక్షరం బాగా రావాలంటే మూడు విషయాలు చూసుకోవాలి, అందులో ఉలి సన్నదనం లేదు.

మొదటిది పరిమాణం. కొత్తలో ఒక్కో అక్షరం కనీసం ఒక సెంటీమీటరు ఎత్తు ఉండాలి. ‘క్ష్మి’ లాంటి సంశ్లేషాక్షరం ఉంటే ఇంకా పెద్దది చేయండి. ‘ఠ’ మధ్యలోని చుక్క, ‘ధ’ కింది గీత, ‘ఘ’, ‘ఝ’ల కొమ్ములు పూడిపోకుండా ఉండాలంటే లోపలి ఖాళీలను కాగితం మీదే కాస్త పెంచి గీయాలి.

రెండోది తిప్పడం. వంపు వచ్చినప్పుడు ఉలిని తిప్పకండి, రబ్బరును తిప్పండి. ఉలి పట్టిన చెయ్యి ఒకేచోట నిలకడగా ఉండాలి, ఎడమచెయ్యి రబ్బరును నెమ్మదిగా తిప్పాలి. తాటాకు మీద గంటంతో రాసేటప్పుడు ఆకు నార వెంట గీస్తే చీలుతుందని, గుండ్రటి అక్షరాలు ఆ ఆకుకు సరిపోయాయని పెద్దలు చెబుతారు. రబ్బరుకు నార లేదు. ఏ దిక్కుకైనా ఒకేలా తెగుతుంది. గుండ్రటి లిపికి ఇంతకన్నా అనువైన నేల దొరకదు.

మూడోది, ఏ గీత మిగలాలో ముందే తేల్చుకోవడం. నందలాల్ బోస్ 1930లో దండి యాత్ర వేళ చెక్కిన గాంధీజీ లైనోకట్ చాలామంది చూసే ఉంటారు. నల్లని నేల, తెల్లని గీతల్లో కర్ర పట్టుకుని నడిచే మనిషి. అలా తెల్లగీతతో బొమ్మ రావాలంటే వి ఉలి గీసిన గీతే బొమ్మ అవుతుంది. పేరు రంగులో రావాలంటే గీతను ఉంచి చుట్టూ ఉన్నదంతా తీసేయాలి, అప్పుడు యు ఉలి పని ఎక్కువ. మొదటి ముద్రకు తెల్లగీత పద్ధతి ఎంచుకోండి. వి ఉలి ఒక్కటే చాలు.

అక్షరాలు తిరగేసి చెక్కాలన్న భయం అక్కర్లేదు. ట్రేసింగ్ పేపరు మీద మెత్తని పెన్సిలుతో సరిగ్గా రాసి, రాసిన వైపు రబ్బరు మీద పెట్టి, వెనక నుంచి గోటితో రుద్దండి. తిరగబడిన అక్షరం దానంతటదే రబ్బరు మీదకు దిగుతుంది.

8. ‘మొద్దుబారితే సానపట్టేవాడికి ఇచ్చెయ్’

తిరిగే సానరాయి మీద ఇంత చిన్న ఉలిని పెడితే కొన్ని క్షణాల్లో మొన నీలంగా మారుతుంది. అంత వేడి తగిలిన ఉక్కు మెత్తబడుతుంది, తర్వాత పదును నిలవదు. వి ఆకారం కూడా పోతుంది.

ఉలి నిజంగా మొద్దుబారేదాకా ఆగకుండా, పని మధ్యలో తరచూ తోలు మీద లాగడం అసలైన పద్ధతి. పాత తోలు బెల్టును చెక్కకు అతికించి, మెరుగుపెట్టే ఆకుపచ్చ పేస్టు రాయండి. ఉలిని వెనక్కి మాత్రమే లాగాలి, ముందుకు తోస్తే తోలు తెగుతుంది. వి ఉలికి రెండు చెంపలనూ సమానంగా లాగండి. లోపలి వైపుకు మడతపెట్టిన తోలు అంచు వాడండి. యు ఉలిని లాగుతూ చుట్టూ దొర్లించండి. అలా చేసినా పదును రాకపోతే, కార్లకు పెయింటు వేసేవాళ్లు వాడే 1500, 2000 నంబరు నీటి గరుకు కాగితాన్ని గాజుపలక మీద పరిచి, తడిపి, దాని మీద నెమ్మదిగా రుద్దండి.

పదును సరిగా ఉందో లేదో తెల్ల రబ్బరు మీద ఒక్క గీతతో తెలుస్తుంది. గీత గోడలు మెరుస్తూ ఉంటే పదునుంది. గరుకుగా, పొడి రాలుతూ ఉంటే లేదు. బ్లేళ్లు మార్చుకునే రకం కొన్నా సరే, ఈ పని నేర్చుకోండి. కొత్త బ్లేళ్లు కూడా చాలాసార్లు ఫ్యాక్టరీ నుంచి పూర్తి పదునుతో రావు.

9. ‘స్టెయిన్‌లెస్ అయితే ఇక చూసుకోనక్కర్లేదు’

సముద్రపు ఊరిలో ఈ సలహా సబబుగానే అనిపిస్తుంది. కానీ మంచి పదును పట్టే చెక్కుడు ఉలులు చాలావరకు కార్బన్ ఉక్కువే, వాటికి తుప్పు పడుతుంది. స్టెయిన్‌లెస్ అని అమ్మే చవక ఉలుల్లో చాలావాటికి తుప్పు పట్టకపోవచ్చు గానీ పదును నిలవదు. పనిముట్టును తుప్పు భయంతో కాక పదును చూసి ఎంచుకోండి. తుప్పును ఆపడం కష్టమేమీ కాదు.

బాతినా తీరంలో గాలిలో ఉప్పుంది, వేసవిలో ఉక్క ఎక్కువ. ఏసీ గదిలో చల్లబడిన ఉలిని బయటికి తెస్తే దాని మీద వెంటనే తేమ పడుతుంది. పని అయ్యాక పొడిగుడ్డతో తుడిచి, కుట్టుమిషన్ నూనె ఒక చుక్క రాసి, గుడ్డలో చుట్టి పెట్టండి. 2021 అక్టోబరు 3న షహీన్ తుఫాను ఈ ప్రాంతంలోనే తీరం దాటింది, సువైక్‌లో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. వరదనీట మునిగిన ఉలిని పారేయనక్కర్లేదు. వెంటనే మంచినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, నూనె రాస్తే బతుకుతుంది.

వేడికి రబ్బరు కూడా పాడవుతుంది. 2018 జూన్ 26న ఒమన్ తీరంలోని ఖురియాత్‌లో రోజు మొత్తంలో ఉష్ణోగ్రత 42.6 డిగ్రీల కన్నా దిగలేదు. మూసిన కారులో అంతకన్నా చాలా వేడి ఉంటుంది. పీవీసీ రబ్బర్లను కారులో వదిలేస్తే మెత్తబడి, చెక్కిన గీతలు వంగిపోతాయి. వాటిని ప్లాస్టిక్ డబ్బాకు నేరుగా తగిలేలా పెట్టకండి. రబ్బరును మెత్తగా ఉంచే నూనె లాంటి పదార్థం బయటికి వచ్చి డబ్బాను కరిగించి, దానికే అంటుకుంటుంది. పెన్సిలు రబ్బర్లకు కాగితం తొడుగు ఉండేది అందుకే. మీరూ కాగితంలోనే చుట్టి పెట్టండి. ముద్రను శుభ్రం చేయడానికి పెట్రోలు, కిరోసిన్ వాడకండి. సబ్బునీళ్లు, మెత్తని పాత బ్రష్షు చాలు.

10. ‘చిన్నదేగా, చేతిసంచిలో పెట్టుకో’

సెలవుకు ఇంటికెళ్లినప్పుడు ఉలులు కొనుక్కుని శంషాబాద్ నుంచో మరోచోట నుంచో విమానమెక్కేవాళ్లు ఈ మాట వినకండి. పదునైన పనిముట్లను విమానం లోపలికి తీసుకెళ్లే సంచిలో అనుమతించరు. భద్రతా తనిఖీలో తీసేసుకుంటారు, తిరిగి ఇవ్వరు. చెక్-ఇన్ సామానులో పెట్టండి. మొనలను బెండు ముక్కలోనో, పాత రబ్బరు ముక్కలోనో గుచ్చి, గుడ్డలో చుట్టండి. సంచి తెరిచి చూసే ఉద్యోగి చెయ్యి కూడా తెగకూడదు.

11. ‘కంపెనీ స్టాంపు కూడా నువ్వే చెక్కెయ్ తమ్ముడూ’

చెయ్యి కుదిరాక ఈ మాట ఎవరో ఒకరు అంటారు. ‘ఒక్క కాగితం మీదే వేస్తాం, ఎవరికి తెలుస్తుంది’ అంటారు. గల్ఫ్‌లో సెలవు చీటీ నుంచి జీతం పత్రం దాకా ప్రతి కాగితానికీ కంపెనీ ముద్ర విలువ ఇస్తుంది. అందుకే ఈ పని చేయకూడదు.

యజమాని అనుమతి లేకుండా కంపెనీ ముద్ర, ఏదైనా ప్రభుత్వ కార్యాలయ ముద్ర, రాయబార కార్యాలయ ముద్ర, బ్యాంకు ముద్ర చెక్కడం చేతిపని కాదు, నేరం. ఒమన్‌లో 7/2018 నంబరు రాజాజ్ఞతో వచ్చిన శిక్షాస్మృతి ఫోర్జరీని శిక్షిస్తుంది. విదేశీయులకు జైలుతో పాటు దేశం నుంచి పంపించేయడం కూడా ఉండొచ్చు. మన దేశంలోనూ, ఫోర్జరీ కోసం దొంగ ముద్ర తయారుచేయడమో, దగ్గర ఉంచుకోవడమో ఐపీసీ 472వ సెక్షన్ కింద యావజ్జీవం దాకా శిక్ష పడే నేరంగా ఉండేది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో కూడా ఆ నేరం కొనసాగింది. కంపెనీకి నిజంగా స్టాంపు కావాలంటే కంపెనీయే తన పత్రాలు తీసుకెళ్లి స్టాంపుల దుకాణంలో చేయించుకుంటుంది. అడిగింది ఎంత దగ్గరివాళ్లైనా, ఎంత కష్టంలో ఉన్నా, ‘నేను పేర్లు, పువ్వులే చెక్కుతాను’ అని చెప్పండి. మీ ఉద్యోగం, మీ మీద ఆధారపడిన ఇల్లు ఆ ఒక్క మాట మీద నిలుస్తాయి.

ఇక కొనండి

మొదటి జాబితా చిన్నది. అరచేతిలో ఒదిగే ఒక పిడి. సన్నని వి ఒకటి, 5 మిల్లీమీటర్ల యు ఒకటి, చిన్న కత్తి ఒకటి. తోలు పట్టీ, మెరుగు పేస్టు. తెల్ల ప్లాస్టిక్ రబ్బర్లు నాలుగైదు. ట్రేసింగ్ పేపరు, మెత్తని పెన్సిలు, ఒక స్టాంపు ప్యాడ్. చెక్క పలక, రెండు పట్టీలు గదిలోనే దొరుకుతాయి. వీటితో పది ముద్రలు చెక్కేదాకా మరో ఉలి కొనకండి. పదో ముద్రకు మీ చెయ్యే చెబుతుంది, తర్వాత కావాల్సింది ఏదో.

ఒంట్లో ఓపిక లేని రోజు ఉలి పట్టకండి. ఓపిక ఉన్న శుక్రవారం కూర్చోండి. మొదటి ముద్రగా ఇంట్లో ఒకరి పేరు తెలుగులో చెక్కండి, దాన్ని కాగితం మీద వేసి వాళ్లకు పంపండి. చేతకాదనుకుని ఆపేసిన స్నేహితుడు పక్క గదిలో ఉంటే, అతని ఉలికి ముందు పదును పెట్టి ఇవ్వండి.